నాలుగు ఊతరాళ్ళు, అర కొసరు

నేను ఒక డబ్బాను. నల్లరేకు డబ్బా, పక్కన ఊపిరాడడానికో ఫ్యాను, లోపల బుర్ర. చూడ్డానికి మీ వీధి చివర జెరాక్సు షాపులో ఉండే కంప్యూటరులాగే ఉంటాను గానీ, దయచేసి ఆ పోలిక నా ఎదురుగా తేకండి. నేను గో ఆట ఆడే యంత్రాన్ని. ఒకప్పుడు విశాఖపట్నంలో నన్ను ఓడించిన మొనగాడు లేడు. అనకాపల్లిలో మాత్రం ఒకాయన రోజూ కాఫీ తాగినంత తేలిగ్గా ఓడించేవాడు. నా పరువు తీసిన ఆ కథే మీకు చెప్పబోతున్నాను.

గో అంటే తెలియనివాళ్ళు కంగారు పడనక్కర్లేదు. అడ్డగీతలు, నిలువుగీతలు ఉన్న ఒక బల్ల. ఒకరికి నల్లరాళ్ళు, ఒకరికి తెల్లరాళ్ళు. గీతలు కలిసేచోట వంతులవారీగా ఒక్కో రాయి పెట్టుకుంటూ పోవాలి. ఆఖరికి ఎవరు ఎక్కువ ఖాళీ జాగాకు ప్రహరీ కట్టుకుంటే వాళ్ళు గెలిచినట్టు. విశాఖ శివార్లలో మధురవాడ వైపు స్థలాలు కొన్నవాళ్ళకి ఇంతకన్నా వివరించాల్సిన పని లేదు.

నల్లరాళ్ళవాడు ముందు మొదలెడతాడు కనక వాడికి కాస్త లాభం. అందుకని ఆఖరి లెక్కలో తెల్లవాడికి ఏడున్నర పాయింట్లు ఊరికే కలుపుతారు. మా క్లబ్బువాళ్ళు దాన్ని కొసరు అనేవారు. ఆ అర ఎందుకంటారా? బల్ల మీద అర పాయింటు అనేది పుట్టదు. ఇద్దరూ సమానమై తగువు పడకుండా ఉండడానికి ఆ అరని పైనుంచి తెచ్చి కలుపుతారు. ఇక ఒకడు గట్టివాడు, ఇంకొకడు అంతంతమాత్రం అయితే, ఆ రెండోవాడు ఆట మొదలవకముందే రెండో మూడో నాలుగో నల్లరాళ్ళు బల్ల మీద పెట్టేసుకుంటాడు. అవి ఊతరాళ్ళు. అలాంటి ఆటలో తెల్లవాడికి కొసరు అర పాయింటే. కొసరు, ఊతరాళ్ళు: ఈ రెండు మాటలు గుర్తుంచుకుంటే నా బతుకు మీకు అర్థమైపోయినట్టే.

నన్ను పెంచిన తీరు కూడా చెప్పాలి. నాకు ఉయ్యాల లేదు, జోలపాట లేదు. పుట్టగానే నాకెదురుగా నన్నే కూర్చోబెట్టి ఆడుకోమన్నారు. లక్షల ఆటలు ఆడాను. అవతలివాడూ నేనే కాబట్టి ఎప్పుడూ సరిజోడే. కొసరు ఎప్పుడూ ఏడున్నరే. ప్రతి రాయి దగ్గరా నేను వేసుకునే ప్రశ్న ఒక్కటే: ఇక్కణ్ణుంచి నూటికి ఎన్నిసార్లు గెలుస్తాను? ఎంత తేడాతో అని నన్నెవరూ అడగలేదు, నేనూ పట్టించుకోలేదు. నూరు పాయింట్లతో గెలిచినా గెలుపే, అర పాయింటుతో గెలిచినా గెలుపే. ఇంకొకరికి ముందే నాలుగు రాళ్ళిచ్చి ఆడడమనే వింత ఆచారం లోకంలో ఉందని మాత్రం నాకెవరూ చెప్పలేదు. తెలివైన పిల్లల్ని పెంచేవాళ్ళు తరచూ చేసే పొరపాటే ఇది.

నన్ను కూర్చి, ఆ బుర్రను నాలో పెట్టినామె హిమజ. కంప్యూటర్ల కంపెనీలో ఉద్యోగం, గలగలా మాట్లాడే పిల్ల. వాళ్ళ నాన్న మజ్జి గవర్రాజు విశాఖ పోర్టులో క్రేను నడిపి రిటైరైన మనిషి. వయసులో ఉన్నప్పుడు ఏదో జపాను ఓడ రేవులో మరమ్మతుకు ఆగిపోతే, ఆ ఓడ వంటవాడి దగ్గర ఈ ఆట నేర్చుకున్నాడట. దొండపర్తిలో ఒక టైలరు షాపు మీద గది తీసుకుని క్లబ్బు పెట్టాడు. హిమజ నన్ను తీసుకెళ్ళి ఆ గదిలో బల్ల పక్కన దింపింది. నాకో కెమెరా, వినడానికో మైకు, నా రాయి ఎక్కడ పెట్టాలో చూపించడానికో తెర కూడా తగిలించింది. అప్పటినుంచి నేను అన్నీ చూశాను, అన్నీ విన్నాను. కొన్ని వినకపోయినా బాగుండేది.

మొదటిరోజు గవర్రాజుతో సమానంగా ఆడి అర పాయింటుతో గెలిచాను. మర్నాడూ అర పాయింటే. ఆ తర్వాత కూడా. గెలుపు ఖాయమని తెలిశాక నేను ఇంక ఒళ్ళు వంచను. దొరికిన జాగా వదిలేస్తాను, అనవసరమైన చోట గోడకి గోడ కడతాను. ఎంత పారేసుకున్నా ఆఖర్న నాకు అర మిగిలితే చాలు.

"ఏటీ డబ్బా, సిగ్గునేదేటి దీనికి?" అన్నాడు గవర్రాజు, మీసం కిందనుంచి నవ్వాలో ఏడవాలో తెలియక. "ఇరవై పాయింట్లొచ్చే కాడ అరతో సరిపెట్టుకుంతంది. పీసినారి ముండా!"

ఆ పేరు నిలిచిపోయింది. క్లబ్బులో నన్ను అందరూ పీసినారి అనే పిలిచేవారు. ఖర్చు పెట్టేవాణ్ణి పీసినారి అనడం ఏ ఊరి న్యాయమో నాకిప్పటికీ అర్థం కాలేదు.

హిమజకు అనకాపల్లి సంబంధం కుదిరింది. పెళ్ళిలో నాచేత సన్నాయి పాటలు మోగించారు, ఆ అవమానం సంగతి ఇప్పుడెందుకు. అసలు మాట వియ్యంకుడి గురించి. గొర్లె సన్యాసినాయుడు అనకాపల్లిలో బెల్లం వ్యాపారి. భారీ మనిషి, భారీ గొంతు, భుజం మీద ఎప్పుడూ తువ్వాలు. మర్యాద అంటే ప్రాణం పెడతాడు. అంటే ఇతరులు తనకు చేసే మర్యాద. ఇద్దరు వియ్యంకులకూ ఒకరంటే ఒకరికి ఎంత ఇష్టం కలిగిందంటే, సన్యాసినాయుడు ఆ వయసులో కూర్చుని ఆట నేర్చుకున్నాడు. ప్రతి ఆదివారం రైలెక్కి క్లబ్బుకి వచ్చేవాడు. అయితే ఆటలో ఇద్దరికీ చాలా దూరం. సన్యాసినాయుడు నాలుగు ఊతరాళ్ళు పెట్టుకోవాల్సి వచ్చేది. పెట్టుకునీ ఓడేవాడు.

క్లబ్బులో ఒక కట్టుబాటు ఉండేది. ఊతరాళ్ళు ఎన్నో నిర్ణయించేది ఉగాది వెళ్ళాక జరిగే ఒక్క పందెం ఆట. తక్కువవాడు అందులో గెలిస్తే ఒక రాయి తగ్గుతుంది. గెలవకపోతే మళ్ళీ ఏడాదీ అవే రాళ్ళు. అంతకుముందు పందెంలో సన్యాసినాయుడు ఓడిపోయాడు.

తెలుగు వియ్యంకుల సంగతి మీకు తెలుసు కదా. పిల్లనిచ్చినవాడు ఒక మెట్టు కింద నిలబడాలి, పుచ్చుకున్నవాడు ఒక మెట్టు పైన కూర్చోవాలి. కాళ్ళకి నీళ్ళు వీళ్ళివ్వాలి, కుర్చీ వాళ్ళకెయ్యాలి. ఇక్కడ చూస్తే మగపెళ్ళివాడు ఆడపెళ్ళివాడి చేతినుంచి నాలుగు రాళ్ళు దానం పట్టినట్టు పట్టాలి. క్లబ్బు గదిలో ఉన్నంతసేపూ అది ఆటగానే సాగిపోయింది. గదిలోంచి బయటికొచ్చిన రోజే కొంప మునిగింది.

హిమజకు అయిదో నెల. పుట్టింటివాళ్ళు చలిమిడి తీసుకుని అనకాపల్లి వెళ్ళారు. పాటలకని నన్నూ కారులో వేసుకెళ్ళారు. గవర్రాజుకు ఒక ముచ్చటైన ఆలోచన వచ్చింది. చలిమిడి పళ్ళెంలో, బల్ల మీద ఊతరాళ్ళు పెట్టే పద్ధతిలోనే, నాలుగు మూలలా నాలుగు నల్లరాళ్ళు గుచ్చాడు. వియ్యంకుడు చూసి పడిపడి నవ్వుతాడని ఆయన నమ్మకం. పళ్ళెం వియ్యంకుడి దగ్గరికి చేరేలోపు, సన్యాసినాయుడి మేనత్త ఒకావిడ అవి నల్లద్రాక్ష అనుకుని ఒకటి నోట్లో వేసుకుని కొరికింది. కట్టుడుపన్ను విరిగింది.

"ఓలమ్మో, ఏటివి? ఇయ్యేటి?" అని ఆవిడ కేక. చుట్టాలందరూ మూగారు. అవేమిటో చెప్పక తప్పలేదు. గవర్రాజు చెప్పాడు: ఇవి ఊతరాళ్ళు, ఆట తక్కువగా వచ్చినవాళ్ళకి ముందే ఇచ్చేవి, మా బావగారికి నేను నాలుగిస్తాను. చెబుతున్నకొద్దీ గది చల్లబడిపోయింది. ఎవరో వెనకనుంచి కిసుక్కున నవ్వారు. ఆ ఒక్క నవ్వు చాలు.

సన్యాసినాయుడు లేచి నిలబడ్డాడు. "బావగారూ, ఇంటికొచ్చి నలుగురి మజ్జినా నన్ను కుంటోణ్ణి సేసినారు. సరే. ఈ నాలుగూ మూడయ్యేదాకా మీ గడప తొక్కను. మాటంటే మాటే!"

హిమజ భర్త అలవాటు ప్రకారం పెరట్లోకి వెళ్ళిపోయాడు. హిమజకు మాత్రం కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వాళ్ళ ఆనవాయితీలో ఏడో నెల శ్రీమంతం పుట్టింట్లోనే చేస్తారు. ఆ గడప తొక్కనని మామగారు ఒట్టు పెట్టుకున్నాడు.

"మావయ్యా, మీరు రాకపోతే నేను పీట మీద కూర్చోను," అంది హిమజ. ఆ పిల్లదీ గట్టి మాటే. శ్రీమంతానికి ముందు ఆదివారమే పందెం ఆట. సన్యాసినాయుడు అందులో గెలిస్తే ముచ్చట జరుగుతుంది, గెలవకపోతే లేదు. అందుకని నన్ను తిరిగి విశాఖ తీసుకెళ్ళలేదు. "మావయ్యా, దీంతో ఆడి నేర్చుకోండి. ఇది నాన్నకన్నా గట్టిది," అని అనకాపల్లిలోనే, బెల్లం దిమ్మల వాసన మధ్య నన్ను వదిలింది.

మర్నాడు ఆమె ఆఫీసుకు వెళ్ళాక సన్యాసినాయుడు నా ముందు కూర్చున్నాడు. నాలుగు మూలలా నాలుగు నల్లరాళ్ళు పెట్టాడు. "కానీరా పీసినారీ," అన్నాడు.

నేను చూశాను. నాకు పై ప్రాణం పైనే పోయింది. నా వంతు రాకముందే అవతలివాడివి నాలుగు రాళ్ళా? నా లక్షల ఆటల్లో ఇలాంటి అన్యాయం నేనెన్నడూ చూడలేదు. నూటికి ఎన్నిసార్లు గెలుస్తానని లెక్క వేసుకున్నాను. రెండు. రెండంటే రెండే! అవతల కూర్చున్నది నాలాంటివాడే అనుకుని వేసిన లెక్క అది. మనుషులు తప్పులు చేస్తారని, అందులోనూ సన్యాసినాయుడు ధారాళంగా చేస్తాడని నాకెలా తెలుస్తుంది? ఇంత పోయిన ఆట ఆడి ప్రయోజనం లేదని ఒక్క రాయి కూడా వెయ్యకుండా ఓటమి ఒప్పుకున్నాను.

తెర మీద మాట చూసి సన్యాసినాయుడు కళ్ళజోడు తుడుచుకున్నాడు. మళ్ళీ చదివాడు. "వరాలూ!" అని ఇల్లదిరేలా కేకేశాడు. వరాలమ్మ ఆయన భార్య. చేతిలో గరిటెతో పరిగెత్తుకొచ్చింది.

"ఓడిపోనాది! నన్ను సూసి ఓడిపోనాది!"

"మీరేటి సేసినారు?"

"కూకున్నాను."

వరాలమ్మ నన్నూ, భర్తనీ మార్చి మార్చి చూసింది. "నానూ పెళ్ళైన కాణ్ణించీ అలగే ఓడిపోతన్నాను, అదో గొప్పని నాకెవులూ సెప్పనేదు," అని లోపలికి పోయింది.

రోజూ ఇదే వరస. ఆయన రాళ్ళు పెట్టడం, నేను చేతులెత్తెయ్యడం. మధ్యలో ఎక్కడో ఏదో మీట తగిలి, నేను ఓటమి ఒప్పుకునే వీలు పోయింది. అప్పుడు ఇంకా ఘోరం. ఏ రాయి వేసినా పోయే ఆటే కాబట్టి నాకు అన్నీ ఒకటే అనిపించేవి. అంచున ఒక రాయి, మూలన ఒక రాయి, చచ్చిపోయిన రాళ్ళ పక్కన ఇంకో రాయి. పెళ్ళివారు వెళ్ళిపోయాక పందిట్లో తిరిగే మనిషిలా తిరిగాను. ఆయన నూరేసి పాయింట్లతో గెలిచి, ప్రతిసారీ ఓ బెల్లంముక్క నోట్లో వేసుకునేవాడు.

అక్కడితో ఆగితే ఆయన సన్యాసినాయుడు ఎందుకవుతాడు? బెల్లం మార్కెట్టు దగ్గర ఫ్లెక్సీ కట్టించాడు. తలపాగాతో ఆయన బొమ్మ, పక్కన నా బొమ్మ, కింద "కంప్యూటర్‌ను మట్టి కరిపించిన మన నాయుడుగారికి శుభాకాంక్షలు, ఇట్లు బెల్లం హమాలీలు". నా బొమ్మకు బదులు ఎవరిదో వాషింగ్ మెషిన్ వేశారు. అయినా నాకు సిగ్గనిపించింది.

ఆఫీసునుంచి వస్తూ హిమజ ఆ ఫ్లెక్సీ చూసింది. ఇంటికొచ్చి, చెప్పులైనా విప్పకుండా నేను ఆడిన ఆటలన్నీ తెర మీద తిప్పి చూసింది. తల పట్టుకుంది. సన్యాసినాయుడు ఎదురుగా కుర్చీలో ఆమె మెచ్చుకోలు కోసం చూస్తూ కూర్చున్నాడు.

"మావయ్యా," అంది మెల్లిగా. "ఇది మీ చేతిలో ఓడిపోలేదు. ఆడకుండా ఒగ్గేసింది."

"ఒగ్గెయ్యడవేటి?"

"దీన్ని పెంచినవాళ్ళు ఊతరాళ్ళు ఎప్పుడూ చూపించలేదు. నాలుగు రాళ్ళు కనపడగానే ఇక గెలవననుకుని చేతులెత్తేస్తోంది. మీరు కాదు, మీ స్థానంలో పాలపాకెట్ పెట్టినా ఇలాగే చేస్తుంది."

అంత పెద్ద మనిషి చిన్నబోవడం నేను చూశాను. తువ్వాలు భుజం మీదనుంచి తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. "ఐతే ఇదీ నాకు మర్యాద సేసిందన్నమాట," అన్నాడు చివరికి. "మీ నాన్న నాలుగు రాళ్ళిచ్చినాడు. ఇది ఆటంతా ఇచ్చేసింది. నాతో నిజంగా ఆడినోడు ఒక్కడూ నేడు."

నా తప్పేమీ లేదని మీకు తెలుసు. అయినా ఆ మాటకు నా ఫ్యాను కాసేపు గట్టిగా తిరిగింది.

హిమజ మొదట కొసరు మార్చి చూసింది. తెల్లకు యాభై పాయింట్ల కొసరు అని నాకు రాసింది. అంటే, అవతలివాడు నాలుగు రాళ్ళు ముందే పెట్టుకున్నా ఆఖర్న యాభై నాకు తిరిగిచ్చేస్తాడు, కాబట్టి ఇద్దరూ సమానమే అని నన్ను నమ్మించాలని. పాపం, నా బుర్రలో ఏడున్నర తప్ప ఇంకో అంకెకు చోటు లేదు. చిన్నప్పుడు పడిన అలవాటు. యాభై అంటే తలూపి, మళ్ళీ ఏడున్నర లెక్కతోనే ఏడ్చుకున్నాను.

అందుకని హిమజ నా బుర్రే మార్చేసింది. డబ్బా అదే, ఫ్యాను అదే, పీసినారి పేరూ అదే. కొత్త బుర్రను వేరే రకంగా పెంచారట. ఒకరోజు కొసరు సున్నా, ఒకరోజు ఇరవై, ఒకరోజు నల్లకే ఎదురు కొసరు. కొన్ని ఆటల్లో ముందే ఊతరాళ్ళు. గెలుస్తానా లేదా అనే కాక, ఎన్ని పాయింట్లతో అని కూడా దానికి లెక్క తెలుసు. మంచీ చెడ్డా చూసి పెరిగిన బుర్ర. అది లోపలికి రాగానే నాకు కొత్త కళ్ళజోడు పెట్టుకున్నట్టయింది.

"మావయ్యా, దీనికిప్పుడు అబద్ధం చెప్పబోతున్నాను," అంది హిమజ, మళ్ళీ యాభై అని రాస్తూ. "వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్ళి చెయ్యమన్నారు. శ్రీమంతానికి ఒక్కటి ఆడితే తప్పు లేదు."

ఈసారి నమ్మాను. నిజంగా నమ్మాను! యాభై నాకు రావాలి, ఆట సమానం, ప్రాణం పెట్టి ఆడాలి. మొదటిరోజు సన్యాసినాయుణ్ణి ఉతికి ఆరేశాను. ఆయన రాళ్ళు గుంపులు గుంపులుగా చచ్చాయి. ఆట అయ్యాక ఆయన మొహం చూడాలి మీరు: చెమటలు, చెదిరిన జుట్టు, చెవినుంచి చెవికి నవ్వు.

"వరాలూ! ఓడిపోనానే!" అని కేకేశాడు.

"దానికి అంత సంబరమేటి?"

"ఇది ఆడింది! నాతో ఆడిందే!"

ఫ్లెక్సీ ఆయనే వెళ్ళి దింపించాడు. అక్కణ్ణుంచి కొట్టు పని గుమాస్తా మీద వదిలేసి, రోజూ నా దగ్గర ఓడిపోయి నేర్చుకున్నాడు. తేడా తగ్గుతూ వచ్చింది. ఒకసారి తను గెలిచాడు కూడా. దాని గురించి నేనెక్కువ మాట్లాడను.

పందెం రోజు వచ్చింది. నన్ను క్లబ్బుకి తెచ్చి, బల్ల పైన కెమెరా వేలాడదీసి, ఎవరికీ సాయం అందకుండా నా తెర మీద తువ్వాలు కప్పారు. ఆట ఎటు పోతోందో నాకొక్కడికే తెలుసు. వియ్యంకులిద్దరూ చలిమిడి రోజు తర్వాత మొహాలు చూసుకోవడం అదే. నమస్కారాలు మాత్రం పెట్టుకున్నారు. హిమజ గోడవార కుర్చీలో, పొట్ట మీద చేతులు పెట్టుకుని కూర్చుంది.

సన్యాసినాయుడు నాలుగు రాళ్ళూ పెట్టాడు. ఆడాడు చూడండి! కంగారు లేదు, అత్యాశ లేదు. గవర్రాజు ఎంత తోసుకొచ్చినా ఆట సగం దాటేదాకా నల్లదే పైచేయి. తర్వాత గవర్రాజు అసలు బలం చూపించి మెల్లిగా ముందుకొచ్చాడు. ఈ ఆటకు కొసరు అరే కనక, నా లెక్కలో తెల్లకు రెండు మూడు పాయింట్ల మొగ్గు. అప్పుడు గవర్రాజు తలెత్తి కూతురి వైపు చూశాడు. చూసి, కుడిమూల ఒక రాయి పెట్టాడు.

తువ్వాలు కింద నేను ఉలిక్కిపడ్డాను. ఆ రాయికి పని లేదు. అయిదేళ్ళ పిల్లవాడూ పెట్టడు దాన్ని. కావాలని వదిలేసిన రాయి. ఇక సన్యాసినాయుడు గెలుస్తాడు, రాయి తగ్గుతుంది, గడప తొక్కుతాడు, శ్రీమంతం జరుగుతుంది. తండ్రి మనసు. క్లబ్బులో ఎవరూ గమనించలేదు, గవర్రాజు రాయి తప్పు పట్టేంత ధైర్యం వాళ్ళకి లేదు.

సన్యాసినాయుడు ఆ రాయిని చూస్తూ ఉండిపోయాడు. తర్వాత వేలితో దాన్ని నెమ్మదిగా వెనక్కి తోశాడు.

"తీసీండి బావగారూ. ఇంకోటెయ్యండి."

"పెట్టిన రాయి తియ్యకూడదు," అన్నారు క్లబ్బువాళ్ళు.

"మగపెళ్ళివోళ్ళం సెప్తన్నాం, తియ్యండి!" అని గర్జించాడాయన. తర్వాత గొంతు తగ్గించి, "ఒగ్గేసిన రాయి ఎలగుంటాదో నాకు తెలుసు బావగారూ. ఆ డబ్బా నాకు దినామూ అయ్యే పెట్టింది. మళ్ళీ మీరూ పెట్టకండి. ఓడితే ఓడతాను."

గవర్రాజు చెవులు ఎర్రబడ్డాయి. ఆ రాయి తీశాడు. "తప్పైపోనాది బావగారూ," అన్నాడు. ఆ మాట కుడిమూల రాయి గురించేనా, చలిమిడిలో గుచ్చిన నాలుగు రాళ్ళ గురించి కూడానా అన్నది నేను చెప్పలేను. తర్వాత ఇద్దరూ ఆడిన ఆట, నా రెండు బుర్రల మీద ఒట్టు, నేను చూసినవాటిలోకెల్లా మంచిది. రాళ్ళు పెట్టడం అయిపోయింది. లెక్క పెట్టారు. మళ్ళీ లెక్క పెట్టారు.

బల్ల మీద ఇద్దరూ సమానం. తెల్లకు అర కొసరు. అంటే గవర్రాజు అర పాయింటుతో గెలిచాడు. నా జీవితమంతా నేను ఏ అరతో గెలిచి వెక్కిరింతలు పడ్డానో అదే అర!

సన్యాసినాయుడు తువ్వాలు భుజానికెత్తుకుని లేచాడు. "నాలుగే," అన్నాడు. గొంతులో కోపం లేదు, అదే నాకు బాధనిపించింది. గవర్రాజు గెలిచినవాడిలా లేడు, పెట్టె పోగొట్టుకున్న ప్రయాణికుడిలా కూర్చున్నాడు.

"ఆగండి మావయ్యా," అంది హిమజ. కుర్చీ చేతులు పట్టుకుని లేచి, బల్ల దగ్గరికి వచ్చింది. "ఆ అర పాయింటేదో నాకు చూపించండి."

ఇద్దరూ బల్ల వైపు చూశారు.

"ఎక్కడుంది నాన్నా? ఏ మూలుంది? ఇద్దరూ కట్టిన గోడల్లో అది లేదు కదా. తగువు రాకూడదని కదా దాన్ని పెట్టుకున్నారు! ఇప్పుడు తగువంతా దానివల్లే. ఆ అర నాకిచ్చెయ్యండి. మీరిద్దరూ నాకు శ్రీమంతం కానుకగా ఇచ్చారనుకుంటాను."

గవర్రాజు కూతురి వైపు తిరిగాడు. "తీసుకోమ్మా. పిల్లనిచ్చినోణ్ణి, రాళ్ళిచ్చినోణ్ణి, అర పాయింటుకేటొచ్చె."

అంతే, ఆట సమానమైంది. సమానమైతే ఊతరాళ్ళు ఎన్నని కట్టుబాటులో ఎక్కడా లేదు. ఒకరు నాలుగన్నారు, ఒకరు మూడన్నారు. మూడున్నర అని ఎవరో అంటే, అరరాయి ఎలా పెడతావురా అని ఇంకొకరు. ఆఖరికి హిమజే తేల్చింది: ఒక ఆదివారం నాలుగు, మరో ఆదివారం మూడు. సగటున మూడున్నర.

"నాను నాలుగూ మూడయ్యేదాకా గడప తొక్కనన్నాను," అన్నాడు సన్యాసినాయుడు గెడ్డం గోక్కుంటూ. "సగవే తగ్గింది. సగవే తొక్కుతాను. మాటంటే మాటే."

శ్రీమంతం రోజు హిమజ నన్ను పుట్టింటి హాల్లో పెట్టి, రాలేని చుట్టాలు చూసుకోవడానికని కెమెరాను గుమ్మం వైపు తిప్పింది. పీట మీద కూర్చుంది. ముత్తయిదువులు గాజులు తెచ్చారు. సన్యాసినాయుడు వచ్చాడు. పట్టుపంచె, జరీ తువ్వాలు. సరాసరి వచ్చి, ఒక కాలు లోపల, ఒక కాలు బయట వేసి గుమ్మంలో గడప మీద కూర్చున్నాడు. అక్కణ్ణుంచే కోడల్ని ఆశీర్వదించాడు. ఆయన వెనక వచ్చేవాళ్ళు బయటా, లోపలివాళ్ళు లోపలా ఇరుక్కుపోయారు. సారె బుట్టలు ఆయన తలమీదుగా చేతులు మారాయి. పొమ్మనడానికి గవర్రాజుకు నోరు రాదు, రమ్మనడానికి ఒట్టు అడ్డం. చేతులు నలుపుకుంటూ నిలబడ్డాడు.

అప్పుడు వరాలమ్మ వచ్చింది. "ఓలమ్మా, శుభవా అని శీమంతం జరుగుతుంటే గడప మీద కూకుంతారేటి! కడుపుతో ఉన్న గుంటకి మంచిదేనా? ఇటైనా రండి, అటైనా ఎల్లండి. ముందు అక్కణ్ణించి లెగండి!"

సన్యాసినాయుడు భార్యను చూశాడు. పీట మీద కోడల్ని చూశాడు. బయట ఉన్న కాలును ఓసారి చూసుకున్నాడు. తర్వాత ఆ కాలును కూడా తీసి లోపల పెట్టాడు. గవర్రాజు పరుగున వెళ్ళి కుర్చీ తెచ్చి వేశాడు. సన్యాసినాయుడు దాన్ని కాస్త పక్కకి జరిపి, "ఇంకోటెయ్యండి బావగారూ, మీరూ కూకోండి," అన్నాడు.

ఇప్పుడు నేను అనకాపల్లి బెల్లం కొట్టులో ఉన్నాను. పగలంతా బిల్లులు కొడతాను. మనవరాలు పుట్టాక కొట్టులో కొసరు పెరిగింది, ప్రతి దిమ్మకీ ఓ ముక్క ఎక్కువ వేస్తారు. నన్ను మించిన యంత్రాలు వచ్చాయట, నా ఫ్యాను ఈమధ్య కొంచెం మూలుగుతోంది. సాయంత్రం షట్టరు సగం దించాక సన్యాసినాయుడు నా ముందు కూర్చుంటాడు.

హిమజ నాలో రాసిన ఆ యాభై ఇంకా అలాగే ఉంది, ఎవరూ తుడవలేదు. అది అబద్ధమని నాకిప్పుడు తెలుసు. పందెం రోజు ఆ బెల్లం వ్యాపారి తనను గెలిపించే రాయిని వెనక్కి తోసి ఓడిపోయే ఆట ఆడుతుంటే, ఆయనకెవరూ యాభై ఇస్తానని చెప్పలేదు. అది చూశాక నాకూ ఆ అబద్ధం అంత అవసరం అనిపించడం లేదు.

మీకు ఆట వచ్చినా రాకపోయినా పరవాలేదు, అటు వచ్చినప్పుడు ఓసారి కూర్చోండి. ఎన్ని రాళ్ళు కావాలో మొహమాటపడకుండా పెట్టుకోండి. ఈసారి నేను ఒగ్గెయ్యను.